ఇనుము కింద మెత్త

జీనుల పిన్ని కూర్చుని ఉండగా చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. జీను కూడా నిలబడే కుట్టేది. బల్ల అంచుకు ఒక మోకాలు ఆనించి, పళ్లతో దారం కొస పట్టుకుని, దబ్బనంతో తోలును పొడుస్తూ, మధ్యమధ్య గుమ్మం దాకా వెళ్లి వీధి అటూ ఇటూ చూసి, మళ్లీ వచ్చి పొడిచేది. వీధిలో ఏమీ ఉండేది కాదు. ఉండదని ఆమెకూ తెలుసు. అయినా చూడకపోతే తోచదు, ఏం చేస్తాం.

వెనకాల ఆమెకు కాలుకాలిన పిల్లి అని పేరు. ఎదురుగా మాత్రం అందరికీ పిన్నే, ఆమెకంటే పెద్దవాళ్లకు కూడా. "పిల్లి అంటే అన్నారు, ఎలక అనలేదు, సంతోషం" అనేది ఆమె. పొయ్యి మీద పాలు పెడుతుంది. దారానికి మైనం పట్టించలేదని గుర్తొచ్చి కొట్టులోకి వెళ్తుంది. అక్కడ మైనం ముద్ద కనబడక పక్కింటికి వెళ్తుంది. పక్కింటావిడ కుర్చీ ఊగుతోందంటే దాని కాలి కింద తోలుముక్క కొట్టి వచ్చేసరికి ఇల్లంతా మాడు కంపు. మోకాలు సరిగ్గా వంగని ఆమె భర్త గోడ పట్టుకుంటూ వెళ్లి పొయ్యి ఆర్పేవాడు. "పాలు పొంగాయా?" అని ఆమె అడిగితే, "లేదు, గిన్నె చిన్నదైంది" అనేవాడు. ఆ ఇంటికి రావాల్సిన కుదురంతా ఆయన వాటాకే వచ్చింది.

పని తండ్రి నేర్పాడు. జీను అడుగున ఉండే మెత్త ఒక సంచిలాంటిది. దానికి ఒక మూల చిన్న నోరు ఉంటుంది. అందులోంచి ఉన్ని, వెంట్రుక కూరి మూలమూలకూ సర్దాలి. తండ్రి చెయ్యి ఆ నోట్లో పట్టేది కాదు. "నీ చెయ్యి ఇలా తేమ్మా" అని ఆయన పిలిచిన రోజునుంచి ఆ చేతికి తీరిక లేకుండా పోయింది.

"జనం జీనంటే తోలనుకుంటారు" అనేవాడాయన. "తోలు ఎక్కినవాడికి. కూరుడు గుర్రానికి." సవారీ అయ్యాక జీను దించి గుర్రం వీపు చూడమనేవాడు. వీపంతా ఒకే తడిగా ఉంటే జీను సరిగ్గా కూర్చున్నట్టు. చుట్టూ చెమట పట్టి మధ్యలో ఎక్కడైనా పొడిగా ఒక మచ్చ కనబడిందంటే, అక్కడ చెమట కూడా పుట్టనంతగా బరువు నొక్కిందన్నమాట. ఇవాళ పొడి మచ్చ, రేపు వాపు, ఎల్లుండి పుండు. చిన్నప్పటినుంచీ ఏ గుర్రం కనబడినా పిన్ని కళ్లు ముందు దాని వీపు మీదికే పోయేవి. మొహం తర్వాత.

కాలం ఎవరికోసం ఆగుతుంది? గుర్రబ్బండ్లు పోయాయి, తండ్రి పోయాడు, వీధిలో మిగతా జీను కొట్లన్నీ బ్యాగుల కొట్లయ్యాయి. పిన్ని సోఫాలకు దిండ్లు కూరింది, బస్సు సీట్లు బాగుచేసింది. ఆ పని కడుపు నింపింది గానీ మనసు నింపలేదు. ఎక్కడ ఒత్తుతోందో సోఫా చెప్పదు. ఊరి చివర గుర్రపు స్వారీ నేర్పే స్కూలు ఒకటి ఉండబట్టి ఆమెకు నెలకు నాలుగు జీన్లయినా చేతికి తగిలేవి.

ఆ స్కూల్లోనే గవ్వ ఉంది.

గవ్వ ఆడగుర్రం. నుదుటి మీద తెల్లటి గవ్వలాంటి మచ్చ. ఒకప్పుడు పిన్ని భర్త బండి లాగింది అదే. బండి చక్రం కింద పడి ఆయన మోకాలు నలిగాక, గుర్రాన్ని స్కూలుకి అమ్మేశారు. ఆయన మళ్లీ ఎప్పుడూ దాన్ని చూడ్డానికి వెళ్లలేదు. చూస్తే తీసుకొచ్చేస్తానని భయం, తీసుకొస్తే మేపలేనని ఇంకో భయం. పిన్ని మాత్రం రోజూ వెళ్లేది. పట్టీ చూడాలనో, బకిల్ తుప్పు పట్టిందనో, ఏదో ఒక వంక. వెళ్లి, గవ్వ వీపు మీద అరచెయ్యి వేసి నిలబడేది. ఆ కాసేపు మాత్రం ఆమె కాళ్లు ఒకచోట ఉండేవి.

గవ్వకు వయసు మీద పడింది. కిందటి వానాకాలం ఎవరో వేరే గుర్రం జీను దానికి వేసి, మూపు మీద పుండు చేశారు. పుండు మానింది, ఆ చోట తెల్ల వెంట్రుకలు మొలిచాయి. స్కూలు ఓనరు చెడ్డవాడేం కాదు, కానీ గడ్డి ఊరికే రాదు. "పిన్నీ, ఇంకోసారి దాని వీపు మీద పుండు చూశానంటే బేరగాడికి అప్పజెప్పేస్తా" అన్నాడు. పనికిరాని గుర్రాన్ని బేరగాడు ఏం చేస్తాడని ఎవరూ అడగరు. పిన్ని కూడా అడగలేదు. ఆ రోజునుంచి ఆమె అసలే నిలవని కాళ్లు మరీ నిలవలేదు.

ఇలా ఉండగా అక్క కూతురు ఒక కబురు తెచ్చింది. ఆ పిల్ల మ్యూజియంలో పనిచేసేది. అద్దాల పెట్టెల పక్కన ఇది ఫలానా, ఇన్నేళ్ల నాటిది అని ఉండే లేబుళ్లు రాయడమే ఆమె ఉద్యోగం. మ్యూజియంలో గుర్రపు కవచాలకు కొత్త హాలు తెరుస్తున్నారు. పాత కవచాన్ని కొయ్యగుర్రానికి తొడిగి హాల్లో పెడతారు. అది బయటికి తీయడానికి లేదు కాబట్టి, అలాంటిదే కొత్తది ఒకటి కమ్మరి చేత చేయించి, ప్రారంభం రోజున నిజం గుర్రానికి వేసి ఆవరణలో నడిపిస్తారు.

"గుర్రం కావాలట. గవ్వ పేరు చెప్పాను పిన్నీ" అంది ఆ పిల్ల. "కింద వేసే మెత్త నువ్వు కుట్టాలి."

ఓనరుకి కూడా ఆశ పుట్టింది. గవ్వ బాగా నడిస్తే ఆదివారాలన్నీ మ్యూజియంవాళ్లే దాన్ని పనికి పిలుస్తారు. "అలాగైతే దాన్ని ఎక్కడికీ పంపను, మాట" అన్నాడు. పిన్నికి ఆ మాట చాలు. ఆ రాత్రి పాలు పొంగలేదు, ఎందుకంటే ఆమె పొయ్యి వెలిగించడమే మర్చిపోయింది.

మ్యూజియం డైరెక్టర్ గారు టేపు తెప్పించి గవ్వను కొలిపించారు. రొమ్ము చుట్టూ, మూపు ఎత్తు, పిర్రల వెడల్పు. తర్వాత కొయ్యగుర్రాన్ని కొలిపించారు. అచ్చు గుద్దినట్టు ఒకటే. అందరూ చప్పట్లు కొట్టినంత పని చేశారు. అందరికంటే ఎక్కువ మురిసిపోయింది పిన్ని. మా గవ్వ కోసమే చెక్కినట్టుందే అనుకుంది. కమ్మరి కొయ్యగుర్రం మీద రేకులు అమర్చుకుంటూ కవచం కొట్టాడు. పిన్ని మెత్త మొదలుపెట్టింది.

ఆమెను అడిగింది మూపు మీదికీ రొమ్ము మీదికీ రెండు మెత్తలు. కానీ కమ్మరి పని తెమిలేదాకా చేతులు ఊరుకుంటేనా? మెడ మీదికి కుట్టింది. అక్కడ ఆగితే బోసిగా ఉందని వీపంతా కుట్టింది. వీపు దాకా వచ్చాక పిర్రలు ఏం పాపం చేశాయని అవీ కుట్టింది. చివరికి మెడనుంచి తోక దాకా, మోకాళ్ల మీదికి దిగేలా, గళ్లు గళ్లుగా కుట్టి, ప్రతి గడిలోనూ ఉన్ని సమంగా కూరి, అంచులకు గోధుమరంగు తోలు వేసిన పెద్ద మెత్త తయారైంది. "ఇనుము కింద కనబడని దానికి ఇంత సింగారం ఎందుకే?" అన్నాడు భర్త. "గవ్వకు కనబడుతుంది" అంది. "దాని వీపు మీద దానికి కళ్లున్నాయేంటి?" అని ఆయన నవ్వాడు. ఆమె అప్పటికే గుమ్మం దగ్గరుంది.

ప్రారంభానికి ఇంకా మూడు రోజులుందనగా మ్యూజియం వెనక ఆవరణలో తొడిగి చూశారు. మెత్త పరిచారు. మీద రేకులు పెట్టారు. పొట్ట కింద పట్టీలు లాగారు. కలవలేదు. జానెడు దూరంలో ఆగిపోయాయి.

"అక్కా, నీ మెత్త లావైంది" అన్నాడు కమ్మరి.

"నీ రేకు బిగుతైంది" అంది పిన్ని.

"కొయ్యగుర్రం మీద గీత తేడా లేకుండా కూర్చుంది నా రేకు!"

"కొయ్యగుర్రం మీద నా మెత్త వేసి చూశావా?"

"దానికెందుకు మెత్త? దానికి నొప్పా, పాడా?"

ఇద్దరూ నోరు పెట్టుకుని అరుచుకుంటుంటే గవ్వ చెవులు అటొకటి ఇటొకటి తిప్పుతూ నిలబడింది. అరుస్తూ అరుస్తూ పిన్ని ఆగిపోయింది. చల్లటి నీళ్లు నెత్తిన పోసినట్టయింది ఆమెకు. కొయ్యగుర్రాన్ని వడ్రంగి దేన్నిబట్టి చెక్కాడు? పాత కవచం లోపలి కొలతలు తీసి చెక్కాడు. ఆ రోజుల్లో ఆ కవచం లోపల ఉన్నది ఒట్టి గుర్రం కాదు కదా, మెత్త వేసిన గుర్రం. అంటే కొయ్యగుర్రం ఒళ్లు గుర్రమూ మెత్తా కలిపినంత లావు. దానికి అచ్చుగుద్దినట్టు సరిపోయిన గవ్వ, మెత్తకు చోటే లేనంత పెద్ద గుర్రం. టేపు పట్టుకున్నవాళ్లు, రేకు కొట్టినవాడు, అందరూ కొయ్యను కొలిచారు. చిన్నప్పటినుంచీ కూరుడే బతుకైన తనకు కూడా ఆ సంగతి తట్టలేదు. ఎలా తడుతుంది? కొలత కలిసిందన్న సంతోషంలో బుద్ధి ఎటో పోయింది. గవ్వ ఎలాగైనా గెలవాలన్న ఆత్రమే గవ్వను ఇక్కడ ఇరికించింది.

"తా దూర కంత లేదు, మెడకో డోలు" అని కమ్మరి గొణిగాడు. ఆ సామెత ఎవరిమీద వేశాడో అతనికే తెలియాలి.

రేకులు మళ్లీ కొట్టడానికి వ్యవధి లేదు. మిగిలింది మెత్తను పలచన చేయడం. పిన్ని పెద్ద మెత్తను పక్కనపెట్టి, ఇంటికి పరుగున వెళ్లి, కొట్టులో ఉన్న కాన్వాసుతో పలచటి మెత్త ఒకటి కుట్టుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే తొడిగితే పట్టీలు కలిశాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఎండలో గవ్వను ఆవరణ చుట్టూ నడిపించారు. ఇనుము తళతళమంది. డైరెక్టర్ గారు దూరం నుంచి చూసి తల ఊపారు, కమ్మరి మీసం దువ్వుకున్నాడు.

కవచం దించాక పిన్ని మెత్త ఎత్తి చూసింది. గవ్వ వీపంతా చెమటతో నల్లగా ఉంది. మూపు మీద, ఆ తెల్ల వెంట్రుకల చోట, అరచేతి మేర పొడిగా ఉంది.

ఆమె మళ్లీ మెత్త కప్పేసింది.

ఎవరూ చూడలేదు. చూసినా ఏం తెలుస్తుంది? పుండు లేదు, గీత లేదు, రక్తం లేదు. అక్కడ చెమట పట్టలేదు, అంతే. డైరెక్టర్ గారు దగ్గరికొచ్చి, "అంతా బాగానే ఉందా అమ్మా?" అని అడిగారు. "ఆఁ సార్" అంది పిన్ని. ఆ వెంటనే వంగి పట్టీలు చుట్టడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం ఆమె తిరిగిన తిరుగుడు అంతా ఇంతా కాదు. బజారుకి వెళ్లి ఏమీ కొనకుండా వచ్చింది. పక్కింటి కుర్చీ మళ్లీ ఊగుతోందేమో చూసి వచ్చింది, ఊగడం లేదు. నిజం చెబితే నడక రద్దు. ఇనుము మోయలేని ముసలి గుర్రమని ఓనరు బేరగాణ్ణి పిలుస్తాడు. చెప్పకపోతే నడక జరుగుతుంది, ఆ వెంటే పుండు లేస్తుంది, అప్పుడూ బేరగాడే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోనీ ఓనరు రెండు రోజులు వీపు చూడకపోతే? పోనీ పుండు లేవకపోతే? తనను తాను మభ్యపెట్టుకోవాలని ఆమె చాలా ప్రయత్నించింది. తండ్రి నేర్పిన చదువు ఆమెను మభ్యపడనివ్వలేదు.

సాయంత్రం అక్క కూతురు వచ్చింది. ఆ పిల్ల కష్టం ఆ పిల్లది. కవచం లేబుల్ మూడుసార్లు రాస్తే మూడుసార్లూ డైరెక్టర్ గారికి నచ్చలేదు. ఆ ఇంగ్లిష్ మాట ఎక్కడ పుట్టిందో అందులో రావాలట, నాలుగు ముక్కల్లో.

"ఏం మాట?" అన్నాడు పిన్ని భర్త. ఆయన కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు.

"బార్డ్, బాబాయ్. బార్డింగ్ అని కూడా అంటారు. గుర్రపు కవచం."

"కవిని కదా బార్డ్ అనేది? పేపర్లో చదివాను."

"అది వేరే మాట. మొహాలు ఒకటే, చుట్టరికం లేదు. ఇది ఇంగ్లిష్‌వాళ్లకు ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. వాళ్లకు స్పెయిన్ నుంచో ఇటలీ నుంచో వచ్చింది, అక్కడ పండితులు ఇంకా తేల్చుకోలేదు. అక్కడికి మాత్రం అరబ్బుల దగ్గర్నుంచి వెళ్లింది. అరబ్బీలో బర్దఅ."

పిన్ని గదిలో ఆ గోడనుంచి ఈ గోడకు తిరుగుతోంది. "అరబ్బీలో కవచమా?"

"అదే తమాషా పిన్నీ. కవచం కాదు. గాడిద మీద బరువు వేసే ముందు పరుస్తారే, ఆ మెత్త. జీను కింద వేసే మెత్తని కూడా అదే అనేవాళ్లట. ఇంకా వెనక్కి పోతే పర్షియన్ పరదాలోంచి పుట్టిందని కొందరంటారు. అదిగో, మీ కిటికీకి వేలాడుతోందే, ఆ పరదానే. గ్యారంటీగా చెప్పలేం."

పిన్ని ఆగింది. కిటికీ వైపు ఒకసారి, ఆ పిల్ల వైపు ఒకసారి చూసి, ఒక్కసారిగా మండిపడింది. "గాడిద మెత్తా? అంత ఇనుము కొట్టి, తళతళలాడించి, చివరికి పెట్టుకున్నది గాడిద మెత్త పేరా?"

"మొదట మెత్త ఒక్కటే ఉండేది. తర్వాత దాని మీద తోలొచ్చింది, ఇనుమొచ్చింది. పేరు మెల్లిగా పైకెక్కి ఇనుము మీద కూర్చుంది. వంటవాళ్లకు మాత్రం పాత అర్థం ఇంకా కాస్త గుర్తున్నట్టుంది. మాంసం వేగేటప్పుడు ఎండిపోకుండా మీద కొవ్వు పొర చుడతారు, దాన్ని కూడా బార్డ్ అనే అంటారు."

"పేరు పైకెక్కింది, మెత్త కిందే ఉండిపోయింది" అంది పిన్ని. "మా నాన్న బతుకూ అంతే, నా బతుకూ అంతే. అయితే ఏంటి? మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే గవ్వ మూపు బాగుపడుతుందా?" అని, అనుకోకుండా ఏడ్చేసింది. ఏడుస్తూనే తిరిగింది. తిరుగుతూనే పొడి మచ్చ సంగతి చెప్పేసింది.

భర్త ఇంకో కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేశాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"నువ్వు కుట్టిన ఆ పెద్ద మెత్త ఎక్కడుంది?"

"కొట్టులో. ఎందుకు?"

"ఏం లేదు. ఆ మాటకి అర్థం మొదట మెత్త అంటోంది కదా అమ్మాయి. అయితే ఇనుము లేకుండా గవ్వ ఆ మెత్త వేసుకుని నడిచినా, అది వేసుకున్నది బార్డే కదా?"

అక్క కూతురు లేచి నిలబడింది. "బాబాయ్, ఇనుము రాకముందు గుర్రాలు అలాంటి మెత్తలతోనే యుద్ధాలకు వెళ్లాయి. కొన్నిచోట్ల ఇనుము వచ్చాక కూడా."

పిన్ని చెప్పులు వేసుకుంటోంది.

మర్నాడు పొద్దున డైరెక్టర్ గారి గదిలో, కూర్చోండమ్మా అని ఆయన ఎన్నిసార్లు అన్నా ఆమె కూర్చోలేదు. "కూర్చుంటే నాకు మాట రాదు సార్" అని, నిలబడే అంతా చెప్పింది. నిన్న ఆఁ అన్నది అబద్ధమని కూడా చెప్పింది. మధ్యలో ఆయన సోఫా దిండు నొక్కి చూసి, దీంట్లో కూరుడు చచ్చిపోయింది సార్ అంది.

డైరెక్టర్ గారికి అర్థం కాక కాదు. ఆయన బాధ వేరే. "ఆహ్వానాల మీద ఇనుప కవచం అని వేశామమ్మా. జనం ఇనుము చూడ్డానికొస్తారు. పావుగంట నడక. పావుగంటకి ఏమవుతుంది?"

ఎద్దు పుండు నొప్పి కాకికేం తెలుసు అని పిన్ని నోటిదాకా వచ్చింది. మింగింది. అప్పుడు గుమ్మంలో నిలబడ్డ కమ్మరి దగ్గాడు. నిన్నంతా మీసం దువ్వుకున్న మనిషి, ఇవాళ పొద్దున్నే వెళ్లి గవ్వ మూపు మీద చెయ్యి పెట్టి వచ్చాడట. "వేడిగా ఉంది సార్ ఆ చోటు. నా ఇనుమును హాల్లో ఎక్కడన్నా ఒక బల్ల మీద పెట్టండి, జనం చూస్తారు. గుర్రం మీద వద్దు." ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో అతని మొహమే చెప్పింది. అక్క కూతురు కొత్త లేబుల్ ముందు పెట్టింది. అందులో మొదటి మాట మెత్త.

డైరెక్టర్ గారు చాలాసేపు చదివారు. "జనం నవ్వితే?"

"నన్ను చూసి నవ్వుతారు. గుర్రాన్ని చూసి కాదు" అంది పిన్ని.

ఓనరుకు చెప్పడం ఇంకా కష్టమైంది. ఆయన మొత్తం విని, "అంటే ఇనుము మోయలేదన్నమాట" అన్నాడు. "సరే, రేపు వచ్చి చూస్తా." ఆ చూస్తాలో ఏముందో తెలియక పిన్ని ఆ పూట అన్నం కలిపి, కలిపిన చేతిని అలాగే పట్టుకుని వీధిలోకి వెళ్లి వచ్చింది.

ప్రారంభం రోజున ఎండ బాగా కాసింది. మొదట డప్పు మోగింది, తర్వాత గవ్వ వచ్చింది. మెడనుంచి తోక దాకా గళ్ల మెత్త, గోధుమరంగు అంచులు, నుదుట తెల్లటి మచ్చ. జనంలో గుసగుసలు. "దుప్పటి కప్పారేంటి?" అన్నాడొకడు. "చలేస్తోందేమో పాపం" అన్నాడింకొకడు. నవ్వులు. కళ్లెం పట్టుకుని నడుస్తున్న పిన్ని చెవులు ఎర్రబడ్డాయి. ఓనరు చేతులు కట్టుకుని ఒక స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన నవ్వలేదు. నవ్వితేనే బాగుండుననిపించింది ఆమెకు.

అక్క కూతురు మైకు పట్టుకుంది. బార్డ్ అనే మాట కథ మొదలుపెట్టింది. గాడిద మెత్త దగ్గర జనం మళ్లీ నవ్వారు, ఈసారి హాయిగా. ఆ మెత్త ఎన్ని దేశాలు తిరిగిందో, పేరు ఎలా పైకెక్కిందో చెప్పి, చివర్న, "లోపల ఇనుము ఉంది, దాన్ని తాకకూడదు. ఇక్కడ మెత్త ఉంది, దీన్ని ఎవరైనా తాకచ్చు" అంది.

అంతే, జనం వరస కట్టారు. ఒక ముసలావిడ అరచేత్తో నొక్కి చూసి, "మా పరుపుకంటే బాగుందే, ఎవరు కుట్టారు?" అంది. దుప్పటి అన్నవాడు కూడా వచ్చి నొక్కాడు. పావుగంట అనుకున్నది ఎండ నడినెత్తికి వచ్చేదాకా సాగింది. గవ్వ ఆవరణ చుట్టూ నడుస్తూ, ఆగుతూ, ఒక్కసారి కూడా చెవులు వెనక్కి పెట్టలేదు.

చివరికి వెనక ఆవరణకు తీసుకొచ్చారు. ఓనరు వెంటే వచ్చాడు.

"తియ్యి పిన్నీ, మూపు చూస్తా" అన్నాడు.

గుర్రాల మనిషి కదా, ఎక్కడ చూడాలో ఆయనకూ తెలుసు. పిన్ని పట్టీలు విప్పింది. మెత్త బరువుగా ఉంది, చెమట తాగింది. రెండు చేతులా ఎత్తి కిందకు లాగింది. తనకు చూసే ధైర్యం లేక గవ్వ మొహం వైపు తిరిగి నిలబడింది. బతుకులో మొదటిసారి ఒక గుర్రం వీపు కంటే ముందు మొహం చూసింది.

ఓనరు అరచెయ్యి మూపు మీద పెట్టాడు. తెల్ల వెంట్రుకల మీదుగా వీపు వెంట నడుము దాకా మెల్లిగా తీసుకెళ్లాడు. మళ్లీ వెనక్కి తెచ్చాడు. చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. అరచెయ్యంతా తడి.

"ఎక్కడా పొడి లేదు" అన్నాడు. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, "ఆదివారం ఎన్నింటికి తీసుకురమ్మంటారో కనుక్కో" అని వెళ్లిపోయాడు.

పక్కన నీళ్ల బకెట్ ఒకటి బోర్లించి ఉంది. పిన్ని దాని మీద కూర్చుంది. తడి మెత్త ఒళ్లో పెట్టుకుని, దాంట్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. గవ్వ తల వంచి మెత్త అంచు వాసన చూసి, తోలు కొరకబోయి మానేసింది.

అప్పుడే కర్ర టకటకమంటూ ఆమె భర్త గేటులోంచి వచ్చాడు. ఇన్నేళ్లకు గవ్వను చూడ్డానికి వచ్చిన మనిషి, గవ్వను చూడనే లేదు. కూర్చుని ఉన్న భార్యను చూసి కుంటుకుంటూ పరుగులాంటిది తీశాడు.

"ఏమైందే? కళ్లు తిరిగాయా? ఎక్కడ నొప్పి?"

"ఏం కాలేదండీ" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "ఊరికే కూర్చున్నా."